గగనదర్పణాన్ని కొలిచిన సర్ ఎడ్వర్డ్ ఆపిల్టన్

రేడియో ఇంటింటా రాజ్యమేలిన రోజుల్లో, రంజాను మాసం ఇరవైతొమ్మిదవ నాటి సాయంకాలం మా పెద్దల ఇండ్లలో ఒక దృశ్యం తప్పక కనిపించేదట. పిల్లలు మిద్దెమీద నిలిచి పడమటి దిక్కున నెలవంక కోసం వెదకుతూ ఉంటే, పెద్దలు క్రింద రేడియో చుట్టూ చేరి, ఏ ఊరిలోనైనా చంద్రదర్శనమైనదన్న కబురు వస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చునేవారు. ప్రొద్దు గుంకేదాక మూగవోయి ఉన్న దూరపు కేంద్రాలు చీకటి పడగానే ఒక్కొక్కటిగా పలకసాగేవి. కాని ఆ పలుకులో నిలకడ ఉండేది కాదు. ఒక క్షణం ఎదుట కూర్చొని మాట్లాడినట్లు వినిపించి, మరుక్షణం బావిలోనుండి వచ్చినట్లు సన్నగిల్లేది. అసలు మాట వచ్చే వేళకే గొంతు అడుగంటేది. ఇంటి యజమాని రేడియోను ఒక తట్టు తట్టి, ఏరియల్ తీగ సవరించి, లాభం లేక విసుగుకొనేవాడు. దోషం రేడియోలోనూ లేదు, తీగలోనూ లేదు. అది తలమీద సుమారు నూరు కిలోమీటర్ల ఎత్తున, కంటికి కనబడని ఒక విద్యున్మయమైన పొరలో ఉన్నది.

అట్టి పొర ఉండవచ్చునని ఊహించినవారు కొందరున్నారు. అది ఉన్నదని నిరూపించి, దాని ఎత్తు కొలిచి, పగటికీ రాత్రికీ, వేసవికీ శీతకాలానికీ, సూర్యబింబంపై మచ్చలు పెరగడానికీ తరగడానికీ అది ఎట్లు మారుతున్నదో లెక్కగట్టిన మహనీయుడు సర్ ఎడ్వర్డ్ విక్టర్ ఆపిల్టన్. ఇతరులు విసుగుకొన్నచోట ఆయన ప్రశ్నించాడు. ఆ ఒక్క ప్రశ్నే ఆయన జీవితాన్ని నడిపించినది. మన విద్యార్థులలో అనేకులు తమ ఇంటినుండి కళాశాల గడప త్రొక్కిన మొదటివారు. ఆపిల్టన్ కూడ అట్టి ఇంటినుండియే వచ్చినవాడు కనుక, ఆయన చరిత్ర వారికి పరాయి కథగా తోచదని నా విశ్వాసం.

ఆపిల్టన్ 1892 సెప్టెంబరు 6వ తేదీన ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో జన్మించాడు. బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లులకు పేరుపొందిన శ్రామికుల పట్టణం. తండ్రి పీటర్ ఆపిల్టన్ ఒక గిడ్డంగిలో పనిచేసే సామాన్య ఉద్యోగి. ఆ ఇంట ఐశ్వర్యం లేదు, పాండిత్య పరంపర లేదు. బాలుడు ఉపకారవేతనంతో హాన్సన్ పాఠశాలలో చదివాడు. పదునారవ ఏట లండన్ విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో ఉత్తీర్ణుడైనాడు. పదునెనిమిదవ ఏట కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చదువుకొనుటకు మరల ఉపకారవేతనం సంపాదించాడు. ప్రకృతి శాస్త్రాలలో ప్రథమశ్రేణిలో పట్టం పొంది, స్ఫటికాల నిర్మాణాన్ని గూర్చి లారెన్స్ బ్రాగ్ వద్ద పరిశోధన ప్రారంభించాడు. ఆ దారినే సాగి ఉంటే ఆయన మంచి స్ఫటికశాస్త్రవేత్త అయి ఉండేవాడేమో!

ఇంతలో 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చినది. యువకుడైన ఆపిల్టన్ సైన్యంలో చేరి, రాయల్ ఇంజనీర్ల దళంలో సంకేతవిభాగపు అధికారి అయినాడు. అక్కడ రేడియో వాల్వులతోనూ, నమ్మకం లేని సంకేతాలతోనూ ఆయనకు నిత్యపరిచయం ఏర్పడినది. ఒకవేళ స్పష్టంగా వినవచ్చిన సంకేతం మరొకవేళ ఎందుకు మాయమవుతున్నది? యుద్ధభూమిలో ఆలోచించే తీరిక ఉండదు. కాని ప్రశ్న మనస్సులో నాటుకొన్నది. యుద్ధానంతరం కేంబ్రిడ్జికి తిరిగివచ్చి, రూథర్‌ఫర్డ్ అధ్యక్షత వహించిన కావెండిష్ ప్రయోగశాలలో చేరినప్పుడు, ఆయన స్ఫటికాలను విడిచి రేడియోను పట్టుకొన్నాడు. ఆ కాలంలో ఆ ప్రయోగశాలలో పరమాణువే పూజనీయం. ప్రవాహానికి ఎదురీది వేరొక విషయాన్ని ఎన్నుకొనుటకు కొంత సాహసం కావలసి ఉండెను.

ఆయన చేపట్టిన సమస్య ఏమిటో తెలియవలెనంటే ఒక ఇరవై ఏండ్లు వెనుకకు పోవాలి. 1901 డిసెంబరు 12వ తేదీన మార్కోనీ ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరంనుండి పంపిన సంకేతాన్ని అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవలి ఒడ్డున, న్యూఫౌండ్లాండులో విన్నట్లు ప్రకటించాడు. రెండు తీరాలకూ నడుమ దూరం సుమారు 3,400 కిలోమీటర్లు. రేడియో తరంగాలు కాంతివలెనే సూటిగా పయనిస్తాయని శాస్త్రం చెబుతున్నది. భూమియో గుండ్రనిది. ఆ రెండు తీరాలను ఒక సరళరేఖతో కలిపితే, మార్గమధ్యంలో సముద్రం ఆ రేఖకు దాదాపు 225 కిలోమీటర్లు ఎత్తున కొండవలె ఉబ్బి ఉంటుంది. తరంగం ఆ నీటికొండను ఎట్లు దాటినది? మిట్టమధ్యాహ్నపు వేళ, ఆనాటి పరికరాలతో మార్కోనీ నిజంగా విన్నాడా అని నేటికీ శంకించేవారున్నారు. అయినను మరుసటి సంవత్సరమే ఓడమీద చేసిన పరీక్షలలో, సంకేతాలు పగటికంటె రాత్రివేళ చాల ఎక్కువ దూరం చేరుతున్నవని ఆయనకే తెలియవచ్చినది. 1902లో అమెరికాలో కెన్నెలీ, ఇంగ్లండులో హెవిసైడ్ వేరువేరుగా ఒకే ఊహ చేశారు. వాయుమండలపు పైభాగంలో విద్యుత్తును ప్రవహింపజేసే పొర ఉండవచ్చుననీ, తరంగాలు దానికి తగిలి క్రిందికి మరలుతున్నవనీ వారి అభిప్రాయం. అది ఊహ మాత్రమే. ఆ పొరను చూచినవారు లేరు, కొలిచినవారు లేరు. తరంగాలు భూమి వంపును అనుసరించి వాటంతట అవే వంగుతున్నవని వాదించిన గణితజ్ఞులూ ఉన్నారు.

సమస్యను మరింత జటిలం చేసినవారు ఎవరనుకొన్నారు? పండితులు కారు, సరదాకోసం రేడియో యంత్రాలు కట్టుకొన్న అమెచ్యూర్లు. పెద్ద పెద్ద సంస్థలన్నీ వేల మీటర్ల తరంగదైర్ఘ్యాలనే విలువైనవిగా ఎంచి, 200 మీటర్లకు లోబడిన పొట్టి తరంగాలను పనికిరానివని అమెచ్యూర్లకు వదలివేశాయి. 1912లో అమెరికాలో చట్టమే అట్లు చేయబడినది. పారవేసిన ఆ గింజలే మొలకెత్తినవి. 1921 డిసెంబరులో అమెరికా అమెచ్యూర్ల సంకేతాలు స్కాట్లండు తీరంలో ఒక గుడారంలో వినిపించాయి. 1923 నవంబరులో ఫ్రాన్సు, అమెరికా దేశాల అమెచ్యూర్లు సుమారు నూరు మీటర్ల తరంగాలపై పరస్పరం సంభాషించారు. 1924 అక్టోబరు 18వ తేదీన లండన్ చెంతనున్న మిల్ హిల్ పాఠశాలనుండి సెసిల్ గాయ్‌డర్ అనే పదునెనిమిదేండ్ల విద్యార్థి, భూగోళానికి దాదాపు ఆవలివైపున ఉన్న న్యూజీలండులోని ఫ్రాంక్ బెల్ అనే అమెచ్యూరుతో మాటలు కలిపాడు. మహాస్తంభాలకూ, మహాశక్తికీ సులువుగా లొంగని దూరం ఒక పాఠశాల విద్యార్థి యంత్రానికి లొంగినది. ఈ విద్యార్థియే తరువాత 1936లో మన దేశానికి వచ్చి, ఆలిండియా రేడియోకు ముఖ్య ఇంజనీరుగా పనిచేసి, ఇచ్చటి రేడియో కేంద్రాల నిర్మాణానికి తోడ్పడినాడు. పొట్టి తరంగం తక్కువ శక్తితో అంత దూరం ఎట్లు పోయినదో ఆనాడు సరిగా చెప్పగలవారు లేరు.

ఈ స్థితిలో ఆపిల్టన్ దృష్టి ఒక చిన్న విషయంపై పడినది. 1922 నవంబరులో లండన్‌లో బి.బి.సి. ప్రసారాలు మొదలైనవి. కేంబ్రిడ్జిలో ఆ ప్రసారాల బలాన్ని కొలిచి చూస్తే, పగలు అది స్థిరంగా ఉన్నది. రాత్రి అయ్యేసరికి హెచ్చుతగ్గులు పొందుతున్నది. మన పెద్దలు రేడియోను తట్టిన కారణం సరిగా ఇదే! ఆపిల్టన్ దీనికి చెప్పుకొన్న సమాధానం సరళమైనది. రాత్రివేళ గ్రాహకాన్ని ఒకే తరంగం కాక రెండు తరంగాలు చేరుతున్నవి. ఒకటి నేలను అంటి వచ్చినది. మరొకటి ఆకాశానికి ఎగిరి, పైపొరకు తగిలి తిరిగి వచ్చినది. రెండూ ఒకే లయలో కలిస్తే ధ్వని హెచ్చుతుంది. ఒకదాని శిఖరంపై మరొకదాని లోయ పడితే ధ్వని క్షీణిస్తుంది. పైపొర నిలకడగా ఉండదు కనుక వాటి కలయికలో నిలకడ ఉండదు. కాంతిశాస్త్రంలో వ్యతికరణమని మనం చదువుకొనేది ఇదే.

సమాధానం సరళమైనంత మాత్రాన సత్యం కాదు. దానిని పరీక్షకు నిలుపవలెను. 1924లో ఆపిల్టన్ లండన్‌లోని కింగ్స్ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్యుడైనాడు. అప్పటికి ఆయనకు ముప్పదిరెండేండ్లు. న్యూజీలండునుండి వచ్చిన మైల్స్ బార్నెట్ అనే యువపరిశోధకుడు ఆయనకు సహాయకుడుగా ఉన్నాడు. వారి ఉపాయం ఇట్టిది. ప్రసారిణి తన తరంగదైర్ఘ్యాన్ని క్రమంగా కొద్దికొద్దిగా మార్చవలెను. మార్గాలు రెండూ వేరు పొడవులు గలవైతే, తరంగదైర్ఘ్యం మారుతున్నకొద్దీ అవి ఒకమారు కలిసి, ఒకమారు వికటించి, ధ్వని క్రమబద్ధంగా లేచి పడుతూ ఉంటుంది. అట్లు ఎన్నిమార్లు లేచి పడినదో లెక్కిస్తే రెండు మార్గాల భేదం తెలుస్తుంది. భేదం తెలిస్తే పొర ఎత్తు తెలుస్తుంది. ఆకాశానికి నిచ్చెన వేయనక్కరలేదు, లెక్క చాలును.

దీనికి స్వంత ప్రసారిణి కావలెనా? ఆపిల్టన్ వద్ద అది లేదు. బి.బి.సి. వారిని అడిగి, వారి బోర్న్‌మత్ కేంద్రాన్ని అర్ధరాత్రి కార్యక్రమాలు ముగిసిన పిమ్మట ఉపయోగించుకొన్నాడు. గ్రాహకాన్ని ఆక్స్‌ఫర్డులో ఉంచారు. రెంటికీ నడుమ దూరం సుమారు 120 కిలోమీటర్లు. 1924 డిసెంబరు 11వ తేదీ రాత్రి, శ్రోతలందరూ నిద్రించిన వేళ, 400 మీటర్లకు కొంచెం తక్కువైన తరంగదైర్ఘ్యాన్ని పదిమీటర్ల మేరకు మెల్లగా మార్చారు. ఆక్స్‌ఫర్డులో సంకేతం వారు ఎదురుచూచినట్లే లయబద్ధంగా హెచ్చి తగ్గినది. లెక్క వేస్తే పొర ఎత్తు సుమారు 90 కిలోమీటర్లని తేలినది. విద్యార్థులు కాగితంపై ఈ లెక్కను తామే సరిచూచుకోవచ్చును. ఎత్తు 90 కిలోమీటర్లైతే ఆకాశమార్గం రమారమి 216 కిలోమీటర్లవుతుంది. నేలమార్గంతో భేదం 96 కిలోమీటర్లు. 395 మీటర్ల తరంగాలైతే ఆ భేదంలో 243 ఇముడుతాయి. 385 మీటర్లవైతే 249 ఇముడుతాయి. అనగా పదిమీటర్ల మార్పులో ధ్వని ఆరుమార్లు లేచి పడుతుంది. నేడు ఇంటర్మీడియెట్ విద్యార్థికి తెలిసిన గణితమే ఇది. కాని దానిని ఆకాశానికి అన్వయించినవాడు మొదట ఆపిల్టన్.

అయినను ఆయన తొందరపడలేదు. రెండవ తరంగం పైనుండి కాక ప్రక్కనున్న ఏ కొండకో తగిలి వచ్చినదని ఎవరైనా అంటే ఏమి చెప్పాలి? అందుచేత రెండు రకాల ఏరియల్స్‌పై సంకేతాలను ఒకేసారి పోల్చి, ఆ తరంగం నిజంగా పైనుండియే దిగివస్తున్నదని 1925లో వేరుగా నిరూపించాడు. తన ఫలితానికి తానే ప్రతివాదిగా నిలిచి ప్రశ్నించుకొనుట శాస్త్రజ్ఞుని మొదటి ధర్మం. ఆ ధర్మాన్ని ఆయన పాటించాడు. అదే సంవత్సరం అమెరికాలో బ్రైట్, ట్యూవ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు క్షణికమైన విద్యుత్స్పందాలను పైకి పంపి, వాటి ప్రతిధ్వని తిరిగివచ్చే కాలాన్ని కొలిచి, వేరొక మార్గంలో అదే సత్యాన్ని చేరారు. ఈ రెండవ పద్ధతియే తరువాత అన్నిచోట్లా వ్యాపించి, రాడార్ నిర్మాణానికి కూడ దారి చూపినది.

1926 శీతకాలంలో మరొక వింత కనబడినది. తెల్లవారుటకు ముందు తాను కొలిచిన పొర పలుచబడి, తరంగాలు దానిని చీల్చుకొని పోతున్నవి. అయినా అవి పూర్తిగా పోవుట లేదు. అంతకు రెట్టింపునకు మించిన ఎత్తునుండి, సుమారు 250 కిలోమీటర్లనుండి మరలివస్తున్నవి. అనగా పొర ఒకటి కాదు, రెండు! విద్యుత్ క్షేత్రానికి సంకేతంగా మొదటిదానికి ఇ అనే అక్షరాన్ని వాడి ఉన్నాడు కనుక రెండవదానికి ఎఫ్ అని పేరుపెట్టాడు. క్రింద ఇంకొకటి బయటపడవచ్చునన్న ముందుచూపుతో డి అనే అక్షరాన్ని విడిచి ఉంచాడు. అట్లే డి పొర కూడ తేలినది. ఆయన గౌరవార్థం ఎఫ్ పొరను ఆపిల్టన్ పొర అని చాలకాలం వ్యవహరించారు.

ఈ మూడు పొరలతో అమెచ్యూర్ల ప్రహేళిక విడిపోయినది. సూర్యుని అతినీలలోహిత కిరణాలూ, ఎక్స్‌ కిరణాలూ పలుచని గాలిలోని అణువులనుండి ఎలెక్ట్రాన్లను ఊడగొట్టుటచేత ఈ పొరలు ఏర్పడుతున్నవి. అన్నింటికంటె క్రిందిదైన డి పొర పగటివేళ మాత్రమే బలంగా ఉండి, మధ్యతరంగాలను మ్రింగివేస్తుంది. అందుచేతనే పగలు దూరపు కేంద్రాలు వినబడవు. ప్రొద్దు గుంకగానే అది కరగిపోతుంది, దారి తెరచుకొంటుంది. పొట్టి తరంగాలను డి పొర అంతగా మ్రింగలేదు. అవి దానిని దాటి ఎత్తైన ఎఫ్ పొరకు తగిలి, ఒక్క గెంతులో వేల కిలోమీటర్లు పోతాయి. మరల నేలకు తగిలి, మరల ఎగిరి, ఖండాలు దాటుతాయి. అయితే మరీ పొట్టివైనచో ఎఫ్ పొరను కూడ చీల్చుకొని ఆకాశంలో కలిసిపోతాయి. కావున దూరసంభాషణకు ముఖ్యమైనది శక్తి కాదు. ఆ గడియకు, ఆ ఋతువుకు, ఆ దూరానికి తగిన పౌనఃపున్యం. పొర అద్దం వంటిది. దీపం చిన్నదైనా అద్దం ప్రతిబింబాన్ని కాదనదు.

ఆ అద్దపు మెరుగు ఎట్లు మారుతున్నదో కనుగొనుటయే ఆపిల్టన్ శేషజీవిత కృషి. 1927 జూన్ 29వ తేదీన ఇంగ్లండులో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు, ఉదయవేళ కొద్ది సెకన్ల రాత్రి పైపొరలను ఎట్లు మార్చినదో ఆయన పరిశీలించాడు. నిట్టనిలువుగా పంపిన తరంగం ఏ పౌనఃపున్యంవద్ద పొరను చీల్చుకొని పోతుందో కొలిచి, దానినుండి ఎలెక్ట్రాన్ల సాంద్రత తెలుసుకొనే విధానాన్ని నెలకొల్పాడు. ఆ పౌనఃపున్యం రెట్టింపైతే సాంద్రత నాలుగు రెట్లైనట్లు. 1931 ప్రారంభంలో లండన్ సమీపాన స్లౌ అనేచోట మొదలైన క్రమబద్ధమైన కొలతలు దశాబ్దాల తరబడి సాగి, సూర్యునిపై మచ్చలు సుమారు పదునొకండేండ్లకొకమారు పెరిగి తరిగే తీరునే పై పొరలు కూడ అనుసరిస్తున్నవని స్పష్టం చేసినవి. 1932-33 ధ్రువసంవత్సరంలో ఆయన తన బృందంతో నార్వే దేశపు ఉత్తరాన ట్రాంసో పట్టణానికి పోయి, అయస్కాంత తుఫానులు చెలరేగినప్పుడు ప్రతిధ్వనులు పూర్తిగా మాయమగుటను గమనించాడు. అద్దం అప్పుడప్పుడు పగిలినట్లే అవుతుందన్నమాట.

మహనీయుల చరిత్రలో మచ్చలను దాచిపెట్టుట భక్తి కావచ్చును గాని, చరిత్ర కాదు. భూమి అయస్కాంతక్షేత్రంలో ఈ పొరలగుండా తరంగాలు పయనించే తీరును వివరించే ప్రసిద్ధ సమీకరణం ఆపిల్టన్, హార్ట్రీ అనే ఇద్దరి పేర్లతో చెలామణి అవుతున్నది. 1925-26 ప్రాంతంలో ఆపిల్టన్ వద్ద పనిచేసిన విల్హెల్మ్ ఆల్టార్ అనే ఆస్ట్రియా యువకుడు ఆ సిద్ధాంతంలో ముఖ్యభాగాన్ని సాధించాడని, పాత లేఖలనూ వ్రాతలనూ పరిశీలించిన చరిత్రకారుడొకడు 1982లో వెల్లడించాడు. అప్పటికి ఆపిల్టన్ గతించి పదునేడేండ్లు. ఆపిల్టన్ గొప్పతనం దీనివలన తరిగిపోదు. కాని పెద్దపేరు నీడలో చిన్నపేరు కనుమరుగగుట ఎంత సులభమో దీనివలన తెలుస్తుంది. రేపు ఆచార్యులు కాబోయే మన విద్యార్థులు ఈ సంగతిని కూడ గుర్తుంచుకోవాలి.

ఆపిల్టన్‌కు గౌరవాలు వరుసగా వచ్చినవి. 1927లో రాయల్ సొసైటీ సభ్యుడైనాడు. 1936లో కేంబ్రిడ్జిలో ఆచార్యపదవి లభించినది. 1939లో బ్రిటిష్ ప్రభుత్వపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన శాఖకు కార్యదర్శియై, రెండవ ప్రపంచయుద్ధకాలమంతా ఆ భారం వహించాడు. ఏ వేళ ఏ పౌనఃపున్యం పనికివస్తుందో ముందుగా చెప్పగల జ్ఞానం ఆ యుద్ధంలో ఓడలకూ విమానాలకూ ప్రాణావసరమైనది. 1941లో సర్ బిరుదు వచ్చినది. 1947లో, వాయుమండలపు పైభాగాన్ని గూర్చిన పరిశోధనలకు, ముఖ్యంగా తన పేరు పొందిన పొరను కనుగొనినందుకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించినది. 1949లో ఎడింబరో విశ్వవిద్యాలయానికి అధిపతియై, 1965 ఏప్రిల్ 21వ తేదీన పరమపదించేదాక ఆ పదవిలోనే ఉన్నాడు. పరిపాలన బరువు ఎంత ఉన్నా పరిశోధనను మాత్రం విడువలేదు. గిడ్డంగి ఉద్యోగి కుమారుడు ఒక ప్రాచీన విశ్వవిద్యాలయపు పీఠమెక్కుట ఉపకారవేతనం అనే చిన్న ద్వారంగుండా జరిగినది. ఆ ద్వారం లేకపోతే నోబెల్ బహుమానం మాట అటుండగా, ఆయన కేంబ్రిడ్జి ముఖమే చూచి ఉండడు. బీదపిల్లల చదువుకు తోడ్పడే ప్రతి కళాశాల కమిటీవారూ జ్ఞాపకముంచుకొనదగిన విషయమిది.

ఇంత చెప్పినపిమ్మట ఆయన కృషికీ మన నేలకూ గల సంబంధం చెప్పకుండుట న్యాయం కాదు. ఎఫ్ పొరలోని ఎలెక్ట్రాన్ల సాంద్రత సూర్యుడు నడినెత్తికి వచ్చే ప్రాంతంలో అత్యధికంగా ఉండవలెనని ఎవరైనా అనుకొంటారు. 1946లో ఆపిల్టన్ ప్రపంచమంతటి కొలతలను సరిచూచి, అయస్కాంత మధ్యరేఖపై సాంద్రత తక్కువగానూ, దానికి ఉత్తర దక్షిణాలలో సుమారు పదునైదు డిగ్రీల దూరాన హెచ్చుగానూ ఉన్నదని ప్రకటించాడు. ఆ మధ్యరేఖవద్ద ఎలెక్ట్రాన్లు పగటివేళ పైకి లేచి, ఫౌంటెన్ నీటివలె అయస్కాంతరేఖల వెంట ఇరువైపులా దిగుటయే ఇందుకు కారణమని తరువాత తెలిసినది. ఆ మధ్యరేఖ మన దేశపు దక్షిణాగ్రం సమీపంగా పోతున్నది. 1963లో రాకెట్ ప్రయోగాలకు తుంబాను ఎన్నుకొనుటకు ఇదే కారణం. ఉత్తరాన ఉన్న శిఖరం అహమ్మదాబాదు, భోపాలు ప్రాంతాలపై నిలుస్తుంది. తెలుగుదేశం ఈ రెంటికీ నడుమ, ఆ అదృశ్యమైన కొండవాలు క్రిందనే ఉన్నది. కలకత్తాలో ఆచార్య శిశిరకుమార మిత్ర, విశాఖపట్టణంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్య బి. రామచంద్రరావు ఈ శాస్త్రాన్ని మన దేశంలో పెంచి పోషించినవారు. ఆపిల్టన్ వేసిన ప్రశ్నకు మన ఆకాశం ఇచ్చే జవాబును వారు మన గడ్డమీదనే నిలిచి విన్నారు.

అమెచ్యూర్ల కథ కూడ ముగియలేదు. ఐదువాట్లకు మించని శక్తితో, అనగా ఒక చిన్న బల్బును వెలిగించే విద్యుత్తుతో, ఖండాంతరాలతో సంభాషించుట వారిలో కొందరికి వ్రతం. 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం పంచుకొన్న జోసెఫ్ టైలర్ స్వయంగా అమెచ్యూర్. ఒక వాటులో ఐదవవంతు వంటి అత్యల్పశక్తితో వెలువడిన సంకేతాలను కూడ ఇతర ఖండాలలో పసిగట్టి, పైపొరల స్థితిని గడియగడియకూ తెలుసుకొనే పద్ధతిని ఆయన 2008లో అమెచ్యూర్లకు అందించాడు. సూర్యుడు తన చక్రంలో ఉచ్చస్థితికి వచ్చిన 2024 ప్రాంతంలో పొట్టి తరంగాలు చిన్న యంత్రాలతోనే సులువుగా దూరదేశాలు చేరాయి. మచ్చలు తరిగే ఏండ్లలో అదే యంత్రం, అదే తీగ, అదే శక్తి ఉన్నా ఆ దారులు మూసుకొంటాయి. దీనిని ఉపద్రవంగా ఎంచక పాఠంగా ఎంచుట ఆపిల్టన్ నేర్పిన విద్య.

ఈ విద్య వినోదానికి మాత్రమే కాదు. 1983లో హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడినది. ఆ సంస్థవారి బృందమొకటి 2004 డిసెంబరులో అండమాన్ దీవులలో తమ యంత్రాలతో ఉండగా, 26వ తేదీ ఉదయం సునామీ వచ్చినది. టెలిఫోన్లు మూగవోయినవి. తమవారు బ్రతికి ఉన్నారో లేదో తెలియక ప్రధానభూమిపై వేలాది కుటుంబాలు తల్లడిల్లుతున్న ఆ సమయంలో, వారి చిన్న యంత్రాలే క్షేమసమాచారాలను సముద్రం దాటించినవి. తీగలు తెగిపోయినచోట పైనున్న పొర తెగలేదు. బోర్న్‌మత్‌లో ఒక అర్ధరాత్రి మొదలైన లెక్క ఎనభై ఏండ్లకు ఎందరో తల్లుల కన్నీరు తుడిచినది.

విద్యార్థులారా! రేడియో ధ్వని తగ్గినప్పుడు లక్షలాది జనులు విసుగుకొన్నారు. ఒకడు మాత్రం అది ఎందుకు తగ్గినదని అడిగి, సమాధానం ఊహించి, ఆ ఊహను లెక్కకు నిలిపి, ఆ లెక్కను మరల తానే శంకించి, చివరకు ఆకాశపు ఎత్తును కొలిచాడు. ఆయనకు స్వంత ప్రసారిణి లేదు. ఇతరులు వాడి విడిచిన గంటలను అడిగి తెచ్చుకొన్నాడు. మన ప్రయోగశాలలో పరికరాలు చాలవని మనం తరచుగా చింతిస్తాము. చింత న్యాయమే, కమిటీవారు దానిని తీర్చవలసినదే. కాని పరికరం రాకముందు ప్రశ్న రావాలి. ఇక నెలవంక కబురుకోసం ఎదురుచూచే రాత్రి, పాత రేడియో ఏదైనా మీ ఇంట మిగిలి ఉంటే, దూరపు కేంద్రమొకటి పట్టి, ఆ గొంతు హెచ్చుతూ తగ్గుతూ ఉండగా కొంచెంసేపు వినండి. దానిని తట్టకండి. నేలమీదుగా వచ్చిన అలా, నింగినుండి దిగివచ్చిన అలా కలిసి ఒకనాడు ఆపిల్టన్‌కు చెప్పిన మాటనే అప్పుడు మీకూ చెబుతూ ఉంటాయి.